ఎడారిలో తిరిగిన బందరు కాలవ

మొన్న ఆటోనగర్లో మా షెడ్డుకి వచ్చిన కొత్త లారీ వెనక బోర్డుకి మా అబ్బాయి స్టిక్కరు అంటిస్తుంటే చూస్తూ కూర్చున్నాను. కొబ్బరిచెట్లు, పడవ అన్నీ అందులోనే ఉన్నాయి, టీ చల్లారేలోపు పని అయిపోయింది. అది చూశాకే ఈ సంగతి రాయాలనిపించింది. అయిదో తరగతితో చదువాపేసి బ్రష్షు పట్టినవాణ్ణి, లారీల మీద తప్ప కాగితం మీద రాసిన అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి.

మా అక్కయ్య భర్త, అంటే మా బావ, పామర్రు మనిషి. నా కుర్రతనంలో ఆయన రాజస్థాన్ ఎడారిలో జిప్సం తవ్వే గని ఊళ్ళో టిప్పర్లకి మేస్త్రీగా ఉండేవాడు. లారీకి రంగంటే మా బెజవాడ వాళ్ళే వెయ్యాలని అక్కడి ఓనరుకి గొప్పగా చెప్పి నన్ను పిలిపించాడు. అప్పటికి మా గురువుగారు పక్కన లేకుండా నేను వేసిన బండి ఒక్కటీ లేదు. రైలు దిగి, బస్సు దిగి, చివరికి గని లారీ ఎక్కి వెళితే అక్కడున్నవి రేకుల గదులు, తెల్లటి దిబ్బలు, ఎటు చూసినా ఇసుక.

మొదటి బండికి రంగు వేసి భోజనం చేసి వచ్చేసరికి ఇసుక అంటుకుని గరుకు కాగితంలా తయారైంది. రెండోదీ ఇలాగే అయితే నన్ను రైలెక్కించెయ్యమన్నాడట ఓనరు. బావకి తల కొట్టేసినట్టయింది. నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. ఆటోనగర్లో రంగు డబ్బా మూత తీసేముందు దుమ్ము లేవకుండా షెడ్డంతా నీళ్ళు చల్లుతాం. ఆ అలవాటు కొద్దీ, నేల మీద పొయ్యడానికి నాలుగు బకెట్ల నీళ్ళు కావాలని అడిగేశాను. డ్రైవర్లంతా నా మొహమే చూశారు. ఆ ఊరికి నీళ్ళు ట్యాంకరులో వస్తాయి, డ్రమ్ములకి తాళాలు వేసుకుంటారు.

“ఏరా బామ్మర్దీ, మన బెజవాడలోలా పక్కనే బందరు కాలవ ఉందనుకున్నావా?” అన్నాడు బావ. అదే మాట హిందీలో చెప్పి అందరినీ నవ్వించాడు గానీ ఆయన మాత్రం నవ్వలేదు.

పక్క గదిలో ఒక డ్రైవరు తల్లి ఉండేది, అందరూ దాదీ, అంటే నాన్నమ్మ, అనేవాళ్ళు. ఆవిడ లోపలికి వెళ్ళి ఓ బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్ళు నులక మంచం మీద కూర్చుని స్నానం చేస్తే కింద తొట్టిలో పడిన నీళ్ళు అవి. వాటితోనే బట్టలు ఉతుక్కుంటారట. ఆవిణ్ణి చూసి డ్రైవర్లూ తలా కాసిని తెచ్చారు. సాయంత్రం గాలి తగ్గాక చుట్టూ టార్పాలిన్లు కట్టి, సబ్బు వాసనొచ్చే ఆ నీళ్ళు చేత్తో చిలకరించి, రెండో బండికి రంగు వేశాను. తెల్లారి చూస్తే అద్దంలా ఉంది.

వెనక బోర్డు మీద ఏం వెయ్యాలో ఎవరూ చెప్పలేదు, నాకు వచ్చిందే వేశాను. గట్లు ఒరుసుకుని పారే కాలవ, రెండు పక్కలా వరి. ఆరాక దాదీ వచ్చి ఆ నీళ్ళని వేలితో తాకి బావని ఏదో అడిగింది.

“అన్ని నీళ్ళకి కాపలా ఎవరూ లేరేంటి అంటోందిరా,” అన్నాడు బావ.

“మా ఊళ్ళో నీళ్ళకి కాపలా ఉండదండీ మామ్మగారూ, ఎవరైనా తాగచ్చు,” అన్నాను నేను తెలుగులోనే. అది హిందీలో చెబుతున్నప్పుడు బావ గొంతు ఓనరు గది దాకా వినపడింది.

మిగతా బండ్లన్నీ నాకే ఇచ్చారు. ప్రతి డ్రైవరూ కాలవే వెయ్యమన్నాడు. నేను తిరిగొచ్చే రోజున ఆ ఇసుకలో మా బందరు కాలవ బారులు తీరి తిరుగుతుంటే చూసి, ఛాతీ ఉబ్బించుకునే రైలెక్కాను.

ఇప్పుడు మా ఇంటికీ తాగేనీళ్ళు టిన్నుల్లో వస్తున్నాయి. కాలవ నీళ్ళు దోసిళ్ళతో తాగేవాళ్ళమంటే మనవరాలు నమ్మదు. స్టిక్కరుకి నేల తడపక్కర్లేదు. అయినా పొద్దున్నే షెడ్డు తెరిచి నీళ్ళు చల్లుతూనే ఉన్నాను, ఇంట్లో బట్టలు ఉతికిన నీళ్ళే. మంచినీళ్ళు నేల మీద పొయ్యడానికి అప్పట్నుంచీ చెయ్యి రాలేదు.