కళ్ళు దిద్దని పటం

మా మ్యూజియంలోకి వస్తువు రావడం తేలిక, బయటికి పోవడమే కష్టం. ఎవరైనా తెచ్చి ఇస్తే దానికో నంబరు వేస్తాం, ఫొటోలు తీస్తాం, కొలతలు రాస్తాం, ఏ గదిలో ఏ అరలో పెట్టామో కంప్యూటర్‌లో ఎక్కిస్తాం. అంతే, ఇక అది మాది. ఆ ఎక్కించే పని నాది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగి, కాలనీలో ఒక ట్రస్టు వాళ్ళు నడిపే ఆ మూడంతస్తుల ఇంటికి వెళ్తాను. ఏం ఉద్యోగమే నీది అని మా చుట్టాలు అడిగితే, పాత సామాన్లకు ఆధార్ కార్డులు ఇస్తుంటాను అంటాను. నవ్వుతారు. పటం గొడవ జరిగాక ఆ మాట అనడం మానేశాను.

పటం అంటే చుట్ట చుట్టిన పొడవాటి బట్ట. విప్పితే మా ఏసీ గది ఈ గోడ నుంచి ఆ గోడకు వస్తుంది. ఎర్రటి రంగు మీద వరసలు వరసలుగా రాజులు, గుర్రాలు, ఆడవాళ్ళు, యుద్ధాలు. నల్గొండ వైపు పటం కథలు చెప్పే ఒక కుటుంబానిది అది. ఊళ్ళో దాన్ని వేలాడదీసి, కర్రతో ఒక్కో బొమ్మనే చూపిస్తూ కథ పాడతారు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసి అతికించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అయినా ఆ పని చేసినన్నాళ్ళూ నాకు ఇంటికి పోబుద్ధయ్యేది కాదు. అంత బాగుంటుంది.

వానాకాలంలో ఒక పొద్దున ఆ పటం తాలూకు పెద్దాయన వచ్చాడు. పక్కన కొడుకు. కొడుకు ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆటో నడుపుతాడు, కథ చెప్పేటప్పుడు తండ్రి పక్కన తాళం వేస్తాడు. పెద్దాయన చెప్పులు బయట విప్పి, నా టేబుల్ ముందు నిలబడి అడిగాడు.

"నా పటం ఇస్తవా బిడ్డా?"

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి సంగతి అడిగాను. కొన్నేళ్ళ కింద సరూర్‌నగర్ చెరువు పొంగి వాళ్ళ కిరాయింట్లోకి నీళ్ళొచ్చాయట. పటం తడుస్తుందని పరుగున తెచ్చి ఇక్కడ పెట్టారు. అప్పటికే బట్ట పాతబడి వేలాడదీస్తే చిరిగేలా ఉందట, అందుకే కొత్తది గీయించుకునేదాకా ఉంచమన్నారు. పైసా పైసా కూడబెట్టి, ఈ పటాలు గీసే నకాషీ వాళ్ళతో ఇప్పుడు కొత్తది గీయించారు. అంతా అయింది, కళ్ళు తప్ప. బొమ్మలకు కళ్ళు దిద్దితేనే పటానికి ప్రాణం వచ్చినట్టు.

"మరి దిద్దించుకోవచ్చుగా తాతా?"

"ఎట్ల దిద్దిస్త? పాతది ఉన్నది గదా. మా ఇంట్ల పద్ధతి ఏందంటే, పాత పటాన్ని మనిషిని సాగదోలినట్టే సాగదోలాలె. కిష్ణల ఇడవాలె, తానం జెయ్యాలె. అప్పుడే కొత్తదానికి కండ్లు. పాతది బతికుండంగ కొత్తదాన్ని లేపితే, ఒక్క ఇంట్ల ఇద్దరు పెద్దలు. పొసగది."

కోతలయ్యాక వాళ్ళ వంతు ఊళ్ళు కథ చెప్పమని పిలుస్తాయి. పటం లేక ఇప్పటికే కొన్నేళ్ళు పోలేదు. ఈసారీ పోకపోతే ఆ ఊళ్ళు వేరేవాళ్ళను పిలుచుకుంటాయి, తాత ముత్తాతల నుంచి వచ్చిన కథ ఆయనతో ఆగిపోతుంది. ఆయనకున్న భయం అదొక్కటే.

నేను కంప్యూటర్‌లో పటం పేజీ తెరిచాను. వచ్చిన విధం అన్నచోట 'దానం' అని ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే అది ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. మునుపు మా వివరాలన్నీ ఎక్సెల్‌లో ఉండేవి. సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేటప్పుడు ఖాళీ గడులు ఉంటే అది తీసుకోనని మొరాయించింది. ఏదో ఒకటి పెట్టాలి సార్ అన్నారు కంపెనీ వాళ్ళు. దానం అని పెట్టేయండి అన్నారు మ్యూజియం చూసుకునే మా సారు. ఒక్క మీట నొక్కితే, ఎట్లా వచ్చాయో ఎవరికీ తెలియని వస్తువులన్నీ దానాలైపోయాయి. వాటితోపాటు ఈ పటం కూడా.

సారు రిటైరైన ఆఫీసరు. చెడ్డమనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. నా మాట మొత్తం విన్నారు.

"ఇస్తాం. ఇచ్చాక ఏం చేస్తాడమ్మా? కృష్ణలో పారేస్తాడు."

"పారేయడం కాదు సార్, సాగనంపడం."

"పేరేదైనా తడిసేది అదేగా! ఆ చెయ్యి ఉన్న పనివాళ్ళు ఇవాళ ఎక్కడున్నారు? నువ్వే చెప్పు, నీకు చేతులొస్తాయా దాన్ని నీళ్ళపాలు చేయడానికి?"

రావు చేతులు. పటంలోని ఆ నీలిరంగు గుర్రం నీళ్ళలో కరిగిపోవడం నేను తలుచుకోను కూడా లేను. కానీ పటం ఆయనది. నా చేతులు వచ్చాయా రాలేదా అని అడగడానికి నేనెవర్ని? రికార్డు తప్పు, దిద్దుదాం అన్నాను. ఒకటి దిద్దితే రేపు అందరూ వస్తారు, ట్రస్టు వాళ్ళు తన ఉద్యోగం ఊడబెరుకుతారు అన్నారాయన. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అట్లా అయింది నా బతుకు.

రెండో వారంలో సారు వెలిగిపోతున్న ముఖంతో వచ్చారు. దారి దొరికిందట. మనం తీసి అతికించిన ఫొటో ఉంది కదా, అదే పొడవు, అదే వెడల్పు, ఫ్లెక్సీ మీద ప్రింటు వేయించి ఇద్దాం, దాన్ని వదలమందాం. "మన ఇళ్ళల్లో దేవుడి పటాలు ప్రింటువి కావా? వాటికి దణ్ణం పెట్టట్లేదా?" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే ఉందనిపించింది. పటం మిగులుతుంది, ఆయన పనీ అవుతుంది.

పెద్దాయనను పిలిచి చెప్పాం. కొడుకు వంక చూశాడు. కోతలు దగ్గర పడుతున్నాయి.

"పెద్దసారు చెప్తుండు. సూద్దాం" అన్నాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా సందు చివరే ఫ్లెక్సీ షాపుంది. పెన్‌డ్రైవ్ ఇస్తే షాపతను స్క్రీన్ మీద చూసి, "లీడర్ ఫొటో ఎక్కడ ఎయ్యాలె మేడం, మీదనా కిందనా?" అని అడిగాడు. ఏ లీడరూ లేడు బాబూ అన్నాను. "మరి ఎవలదీ బర్త్‌డే?" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మిషన్‌లోంచి రాజులూ గుర్రాలూ తళతళా మెరుస్తూ వస్తుంటే పెయింటు కంపు ముక్కుపుటాలు అదరగొట్టింది.

నది దగ్గరికి నేనూ పోయాను. తంతు వీడియో తీసుకు రమ్మన్నారు సారు, రికార్డుకు జతచేద్దామని. ఎల్బీ నగర్‌లో బస్సెక్కి దిగేదాకా పెద్దాయన నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. "గుంటూరు బిడ్డవు గదా, గందుకే నీ మాటల కారం జర ఎక్కువ" అని. మా నాన్నది గుంటూరు, నేను పుట్టింది మలక్‌పేటలో అన్నా ఒప్పుకోలేదు. "పుట్టుడు ఏడైతేంది, కారం ఆడిదే."

ఒడ్డున ఫ్లెక్సీ పరిచాడు. పసుపు, కుంకుమ వేశాడు. బియ్యం చల్లి, కొబ్బరికాయ కొట్టి, కథలోని చివరి భాగం పాడాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. తండ్రీకొడుకులు దాన్ని చుట్టి మోకాటిలోతు నీళ్ళలోకి దిగి వదిలారు.

అది మునగలేదు. చుట్ట విచ్చుకుంది. బొమ్మలన్నీ ఆకాశంకేసి చూస్తూ తేలాయి. కొడుకు కర్రతో లోపలికి నెట్టాడు, పోయి పోయి మళ్ళీ ఒడ్డుకే వచ్చింది. రాయి పెట్టాడు. రాయి జారిపోయింది, అది పైకి తేలింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఫోన్ ఆపేశాను. అవతల వలలు ఆరేసుకుంటున్న ఒకాయన ఇదంతా చూసి దగ్గరికొచ్చాడు.

"తాతా, గా బ్యానర్ నీకక్కర లేకుంటే నాకియ్యరాదే. గుడిసె మీద కప్పుకుంట."

పెద్దాయన చూశాడు. "తీస్కపో నాయ్నా" అన్నాడు. తర్వాత గట్టున కూలబడి నాతో అన్నాడు, "బతికినదే సచ్చేది బిడ్డా. ఇది ఎన్నడు బతికింది?"

మర్నాడు సారు ముందు నోటికొచ్చింది అనేశాను. ఆయన అయ్యో అన్నారు. నిజంగానే బాధపడ్డారు. బాధపడి, "పోనీ బట్ట మీద ప్రింటు వేయిద్దామా?" అన్నారు. మీకో దణ్ణం సార్ అని లేచొచ్చేశాను. రికార్డులో తప్పు ఎట్లా వచ్చిందో పూసగుచ్చినట్టు ట్రస్టుకు రాశాను. కమిటీలో పెడతామన్నారు. కమిటీ కూర్చోలేదు. కోతలు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. ఆ ఊళ్ళవాళ్ళు వేరే మేళాన్ని పిలుచుకున్నారని కొడుకు ఫోన్‌లో చెప్పాడు. ఈసారికేనా అని అడిగాను. "ఏమో మేడం, ఒక్కపారి అలవాటైతే అంతే గద" అన్నాడు.

చలి తగ్గాక మళ్ళీ వచ్చారిద్దరూ. పెద్దాయన మలక్‌పేట దవాఖానలో ఉండి వచ్చాడట, సగమైపోయాడు. కొడుకు భుజం మీద పాత చీరలో చుట్టిన మూట. విప్పి నా టేబుల్ మీద పరిచారు. కొత్త పటం. ఎర్రటి రంగు ఇంకా పచ్చిగా ఉన్నట్టే ఉంది. రాజుకు కిరీటం ఉంది, మీసం ఉంది, కళ్ళ చోట తెల్లగా ఉంది. గుర్రానికీ అంతే. ఆడవాళ్ళకీ అంతే.

"ఇది గూడ నువ్వే ఉంచు బిడ్డా. ఇంట్ల ఎలుకలు పడ్తున్నయ్. దాని అయ్య పక్కన పెట్టు."

నాకు ఏడుపు ఆగలేదు. సారు వచ్చి చూసి, మధ్యలో ఆపేసిన పటం ఇంకెక్కడా ఉండదమ్మా, వెంటనే ఎక్కించు అన్నారు. సర్వర్ పనిచేయట్లేదని చెప్పాను. పచ్చి అబద్ధం. ఆయన పోయాక పెద్దాయన చెయ్యి పట్టుకున్నాను.

"నేను దీనికి నంబరు వెయ్యను తాతా. నంబరు పడితే ఇక బయటికి రాదు. ఉత్తినే దాచి ఉంచుతాను. పాతదాని సంగతి తేలాక మీరు ఎప్పుడొచ్చినా తీసుకెళ్ళండి."

ఆయన ముఖం విచ్చుకుంది. "నిజంగనేనా? అయితే అట్లనే ఉంచు. ఈ ఎండలు పోంగనే వస్త" అన్నాడు. మెట్లు దిగుతూ కూడా అదే మాట. వచ్చే కోతలకు ఏ ఊరు ముందు పోవాలో కొడుక్కి లెక్క చెప్తున్నాడు.

ఆయనను ఆటోలో కూర్చోబెట్టి కొడుకు ఒక్కడే మళ్ళీ పైకొచ్చాడు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మేడం, నంబర్ ఏసెయ్యిండ్రి."

"ఎందుకయ్యా?"

"డాక్టర్లు ఎండలదాక గూడ ఉంటడని చెప్తలేరు. నంబర్ ఏసిన్రంటే ఒక్క దినం ఏడ్చి ఊకుంటడు. ఎయ్యకపోతే రోజు అడుగుతడు, ఇయ్యాల తెద్దామా, రేపు తెద్దామా అని. నేను ఏమని చెప్పాలె మేడం?"

కింద ఆటోలోంచి పెద్దాయన కొడుకును కేకేస్తున్నాడు. అతను వెళ్ళిపోయాడు. నేను లోపలికొచ్చి పటం కొలిచాను. కంప్యూటర్‌లో కొత్త పేజీ తెరిచి నంబరు వేశాను.