చాట దించమనే పెద్దమ్మ

మొన్న పొద్దున మా వాడకట్టు పెద్దమ్మ పోయింది. కబురు తెలిసేసరికి నేను బీడీలు చుడుతున్నాను. చేతిలో ఉన్న బీడీ పూర్తిచేసి మరీ లేచాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

కొండగట్టుకు పోయే దారిలోని మా ఊళ్ళో నాలాంటి ఆడవాళ్ళకు ఈ పని నేర్పింది ఆమే. ఒళ్ళో చాట, అందులో తునికాకు, తంబాకు. వంచిన మెడ సాయంత్రం దాకా ఎత్తేది ఉండదు. ఆమె మాత్రం మమ్మల్ని అట్లా కూర్చోనిచ్చేది కాదు. ఒక్కో కట్ట కాగానే గద్దించేది.

"చాట దించుండ్రి. లేచి చేతులు ఇదిలించుండ్రి. గీ ఆకు ఎటూ పోదు గని, బొక్కలు అరిగినంక ఏడిస్తే ఏమొస్తది?"

మేము వాకిట్లో తిరిగి, నీళ్ళు తాగి, ముచ్చట్లు పెట్టుకొని వచ్చేవాళ్ళం. వచ్చేసరికి మా చాటల్లోని బీడీలకు ఆమె కొసలు మలిచి పెట్టేది. బొటనవేలితో నొక్కి మలవాలి, అదే అన్నిటికన్నా నొప్పి పని. కార్ఖానాలో అప్పజెప్పే బీడీలు తక్కువైతే మేము ఇంట్లో మాటలు పడతామని ఆమె బెంగ.

"మరి నువ్వు లేవవా పెద్దమ్మా?" అంటే, "నా చెయ్యి మొండిది, దానికేం గాదు. మీరు పొండ్రి" అనేది. మేము నమ్మాం. నమ్మితే మాకు సుఖంగా ఉండేది మరి.

ఆ మొండి చెయ్యే ముందు ఆగిపోయింది. బొటనవేలి మొదలు వాచి, అన్నం కలుపుకోను కూడా రాకుండా అయింది. పెళ్ళిళ్ళకు పిలిస్తే "కడుపుల మంచిగ లేదు" అని తప్పించుకునేది. చెంచాతో తింటుంటే నలుగురూ చూస్తారని సిగ్గు. ఇంట్లో ఆమె భర్త, మా పెద్దబాపు, కలిపి పెట్టేవాడు.

మా గుంపులో అందరి వేళ్ళూ ఇప్పటికీ బాగానే ఉన్నాయి. ఆమె పుణ్యమే. ఆ మాట పైకి చెప్పడానికి నోరు రావడం లేదు.

స్నానం చేయించాక, ముత్తైదువగా పోయింది కదా, కొత్త గాజులు వెయ్యమని నాకే ఇచ్చారు. నొప్పికి ఆమె గాజులు మానేసి చాలా కాలమైంది. వాచిన కీలు దగ్గర గాజు ఆగింది.

"జర గట్టిగ తొయ్యి బిడ్డా, ఇంక ఆమెకేం తెలుస్తది" అంది పక్కనున్న ఆమె చెల్లెలు.

బొటనవేలిని మెల్లగా అరచేతిలోకి వంచాను.

"నొస్తుందా పెద్దమ్మా?" అన్నాను.

బతికుండగా ఒక్కనాడూ అడగని మాట. అడిగి, ఆమె ఏమన్నా అంటుందేమోనని ఆగాను.