మందు పెట్టాడట!

ఈ రోజు ఒక నవల వల్ల తల దించుకున్నాను. నిజంగా బతికిన కవులనే పాత్రలుగా పెట్టి అల్లిన పాతకాలపు హత్య కథ అది. అందులో మన తెనాలి కవి ఒకాయన ఉన్నారని విని, సంబరపడి, నేను చదవకుండానే పోయినవారం ఆయన మనవరాలికి తీసుకెళ్లి ఇచ్చాను. ఎనభై దాటిన మామ్మగారు.

ఈ మధ్యాహ్నం రేపల్లె బండి దిగి వెళ్లేసరికి ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి.

“మా తాత తన స్నేహితుడికి విషం పెట్టి చంపాడట నాయనా! ‘వాడికి రోజూ నేనే మందు పెడుతున్నాను’ అని ఉత్తరంలో రాశాడు కదా, అదే సాక్ష్యమట. ఆ మనిషి కాలి పుండు కుళ్లి వాసనొస్తుంటే సొంతవాళ్లే దగ్గరికి పోలేదు. మా తాతే కడిగి మందు పెట్టేవాడు. నవల రాసినాయనకి ఆ ఉత్తరం చూపించింది నేనేనయ్యా. అడిగితే చెప్పేదాన్ని కదా? దేవుడి వాక్యం చెప్పేవాడివి, నువ్వైనా చదివి ఇవ్వకూడదూ?”



పుండు కడిగిన చేతులకు నెత్తురు పూశారే! అబద్ధసాక్ష్యం పలకొద్దన్న ఆజ్ఞ చచ్చినవాళ్లకు వర్తించదని ఏ అధ్యాయంలో ఉందో చూపించండి. గ్రంథం నా సంచిలోనే ఉంది.

మామ్మగారు ఆ నవల నాకు తిరిగివ్వలేదు. ఇంకెవరి కంటా పడకూడదని బియ్యం డబ్బా అడుగున దాచారు. వస్తూ స్టేషన్ పక్క పుస్తకాల కొట్లో చూశాను. అదే నవల నడుమెత్తు దొంతరగా ఉంది. ఆవిడకి ఈ సంగతి చెప్పమంటారా?