అయిదో ముక్క

నవ్వుతరని తెలుసు. నేనే ఎవ్వల్నీ నమ్మను, నన్నెవరు నమ్ముతరు? అయినా గిది నిజంగనే అయింది. తినే అన్నం మీద ఒట్టు.

దేవరుప్పులల నాది, మల్లేశన్నది పొత్తుల ఫొటో స్టూడియో. పోయిన ఎండకాలం పక్క తండాల స్వప్న పెండ్లి తీసినం. సాగనంపేటప్పుడు తండా ఆడోళ్లు పిల్లను పట్టుకొని రాగం తీసి ఏడుస్తరు. ఢావ్లో అంటరు. అది అయిపోయేదాక ఎవ్వలూ అడ్డం రారు. స్వప్న నాయినమ్మ ఇంక ఏడుస్తనే ఉన్నది... నాకేమో కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి. కెమెరా బంద్ చేసిన. అవ్వ చూడనే చూసింది.

"అప్పుడే ఆపితివా బిడ్డా?"

"చార్జింగ్ అయిపోయిందవ్వా" అన్న. అబద్ధం.

మొన్న ఆ అవ్వ పోయింది. స్వప్నకు నెలలు నిండినయి, భూపాలపల్లిల ఉన్నది. కడసారి చూపుకు గూడ రాలేకపోయింది. ఫోన్ల ఒకటే ఏడుపు.

"అన్నా, పొద్దుగాల నాకు ఆపరేషన్. లోపలికి పొయ్యేముందు అవ్వ గొంతు ఒక్కసారి ఇనాలె. పంపవా?"

మా హార్డ్‌డిస్క్ చూస్తే టక్... టక్... అంటున్నది. నేడో రేపో అన్నట్టుంది. రాత్రి నెట్ జర మంచిగొస్తదని కూసున్న. వీడియో పద్దెనిమిది జీబీ. మా క్లౌడేమో ఒక్కపారి అయిదు జీబీ దాటితే తీసుకోదు. నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్కటే ఎక్కించిన. రెండున్నర అయింది. కుక్కల సప్పుడు గూడ లేదు.

అన్నీ ఎక్కినయా అని చూస్తే... అయిదున్నయి.

మళ్ల లెక్కవెట్టిన. అయిదే!

అయిదోది చిన్నది. తెరిచిన. తెర నల్లగ... బొమ్మ లేదు. ముందు గాలి. తర్వాత గాజుల సప్పుడు... గలగల... ఆగింది. అప్పుడు అవ్వ గొంతు. నేను ఆపిన కాడ్నుంచే ఎత్తుకున్నది.

మల్లేశన్నకు ఫోన్ కొట్టిన. "పెండ్లిల నేను కెమెరా ఆపినంక అవ్వ ఏడుపు దొంగచాటుగ రికార్డ్ చేసినవా? క్లౌడ్ పాస్‌వర్డ్ నాకు గాక నీకే గద ఎరుక!"

"తాగినవార? అప్పుడు నీ పక్కనే బువ్వ తింటున్న గదరా!"

తిన్నడు. నిజమే. అయినా నాకు అనుమానం పోలే.

ఫోన్ పెట్టేసరికి ముక్కల ఏడుపు అయిపోయింది. జరసేపు ఏం లేదు... డిస్క్ గూడ టక్కుమంట లేదు. అప్పుడు, మైకు దగ్గరికి వచ్చినట్టు, మెల్లగ...

"ఇగ ఆపు, బిడ్డా."

నాలుగే పంపుదామా అనుకున్న. ఆ పిల్ల ఏడుపు యాదికొచ్చింది. అయిదూ పంపిన.

తెల్లారి స్వప్న ఫోన్. గొంతు తేటగున్నది. "మొత్తం ఇన్ననన్నా. ఇప్పుడు ధైర్యమొచ్చింది, లోపలికి పోతున్న. గని... ఆఖరికి ఇగ ఆపు బిడ్డా అన్నది గద అవ్వ. ఎవరితోటి అన్నా?"

పాస్‌వర్డ్ అప్పటికే మార్చిన. మల్లేశన్న మీద అనుమానం ఇప్పటికీ ఉన్నది. ఆయన కాకపోతే మరెవలు? గది ఆలోచించాల్నంటేనే నాకు భయం.

"సిగ్నల్ లేదమ్మా, ఇనస్తలేదు" అని ఫోన్ పెట్టేసిన. మళ్ల అబద్ధమే.