సగం వరకే తిరిగే యాక్సిలరేటర్

ఆ ఆదివారం మధ్యాహ్నం స్కార్‌బరోలో గోదాముల వెనక ఖాళీ రోడ్డు మీద ఉన్నవాళ్లం, ఉన్నవి: నేను, మా బావ, బండి అమ్ముతున్న అంకుల్, ఆయన కూతురు, నాలుగు వందల సీసీ నల్ల బండి, టైరు గాడి లోతు కొలిచే చిన్న పరికరం, టార్చి లైటు, నేను రాసుకొచ్చిన ముప్పై ఎనిమిది అంశాల జాబితా. జాబితా రెండు కాపీలు. ఒకటి బావకి.

బావకి ఎందుకంటే, కొనాలో వద్దో తేల్చేది ఆయనే. నేను ఏజాక్స్‌లో అక్కా బావల ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటాను. పని స్కార్‌బరోలో, వెళ్లడానికి మూడు బస్సులు, గంటా ఇరవై నిమిషాలు. బండైతే అరగంట. అక్క మొదట ససేమిరా అంది. తర్వాత ఒక షరతు మీద దిగివచ్చింది: బండికి పవర్ తగ్గించి ఉండాలి, బావ కళ్లారా చూసి సరే అనాలి, లేకపోతే తన గరాజ్‌లో చోటు లేదు. నా లెర్నర్ లైసెన్సు గడువు తొంభై రోజులు. అందులో అరవై ఎనిమిది అయిపోయాయి. బండి లేకుండా రోడ్డు పరీక్షకి వెళ్లలేను. ఇది తప్పిపోతే ఈ ఏడాదికి బస్సులే.

ఇక్కడ ఒంటారియోలో కొత్తవాళ్లు నడిపే బండి పవర్‌కి చట్టం పరిమితి పెట్టదు. అందుకే పవర్ తగ్గించిన సెకండ్‌హ్యాండ్ బండి దొరకడం కష్టం. రెండు నెలలు వెతికాను. ఈ అంకుల్ తన కూతురు నేర్చుకునే రోజుల్లో, యాక్సిలరేటర్ సగానికి మించి తిరగకుండా ఒక లోహపు అడ్డు బిగించారు. ఆమె ఇప్పుడు ఒంటారియోలోని లండన్‌లో చదువుతోంది. సెలవులకి ఇంటికొచ్చింది, బండి మాత్రం వద్దంది.

తనిఖీ సాఫీగా సాగింది. ముందే ఫోన్ చేసి స్టార్ట్ చేయొద్దని చెప్పాను కాబట్టి ఇంజన్ చల్లగా ఉంది. ఫ్రేము మీది నంబరూ కాగితాల్లోని నంబరూ ఒకటే. చెయిన్ బిగువు సరిగ్గా ఉంది. ముందు చక్రం టైరు మాత్రం మార్చాలి.

"ఏమయ్యా, బండి కొంటున్నావా, పోస్ట్‌మార్టమ్ చేస్తున్నావా?" అన్నారు అంకుల్.

"వంకాయలు కూడా ఇట్లనే కొంటడు అంకుల్. దుకాణపాయన పారిపోతడు," అన్నాడు బావ.

చివరి అంశం నడిపి చూడటం. రోడ్డు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి హెల్మెట్ తీశాను.

"అంకుల్, ఈ అడ్డు మరీ ఎక్కువైంది. స్పీడు నలభై రెండు దాటట్లేదు. సగం రేస్‌తో కనీసం తొంభై రావాలి." ఇంజన్‌కి గాలి ఎలా అందుతుందో, ఎక్కడ ఆగిపోతోందో మూడు నిమిషాలు వివరించాను. నా వివరణలో నాకు ఏ లోపమూ కనిపించలేదు.

అంకుల్ పానా తీశారు. "పది నిమిషాల పని. అడ్డు పీకేస్తాను."

"మీరు అది పీకితే మా ఇంటామె నన్ను పీకుతది," అన్నాడు బావ. "ఉంచితేనేమో నలభై రెండు. వెనక ట్రక్కోడు వీన్ని ఎత్తుకొని పోతడు. వద్దులే, పద." జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పటిదాకా కారుకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్న అమ్మాయి తలెత్తింది. "ఐ డిడ్ నైంటీ ఆన్ దట్ థింగ్."

"ఎప్పుడే?" అన్నారు అంకుల్.

ఆమె నా దగ్గరికి వచ్చింది. నా ఎడమ కాలు చూపించి, గేరు ఎలా వేశావో చూపించమంది. బూటు ముందు భాగంతో లీవర్‌ని కిందికి నొక్కాను. ఇంకోసారి నొక్కాను.

"దట్స్ ఫస్ట్," అంది. "అండ్ దట్స్ స్టిల్ ఫస్ట్."

కరీంనగర్‌లో నేను నేర్చుకున్నది నాన్న వంద సీసీ బండి మీద. దానికి నాలుగు గేర్లూ కిందికి నొక్కితేనే పడతాయి. ఇక్కడి బండ్లకి ఫస్ట్ ఒక్కటే కిందికి. మిగతావన్నీ లీవర్ కింద బూటు పెట్టి పైకి ఎత్తాలి. ఈ సంగతి నాకు తెలుసు. మాన్యువల్‌లో ఆ పేజీ రెండుసార్లు చదివాను. కాలికి మాత్రం తెలియదు. వెళ్లిన దూరమంతా ఫస్ట్ గేర్‌లోనే వెళ్లాను.

బావ ఫుట్‌పాత్ మీద కూలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక లేచి నిలబడ్డాడు.

"ఒకటి చెప్పు. అరవైల పోతున్నవ్. పైకి వేయబోయి కిందికి వేస్తే ఏమైతది?"

"వెనక చక్రం పట్టేస్తుంది. బండి జారుతుంది."

"మరి మీ అక్కకి నేనేం చెప్పాలె?"

చక్రం గురించి నేను చెప్పిన జవాబు సరైనదే, కానీ అది నాకే వ్యతిరేకంగా ఉంది. ఇప్పుడు అనుమానం బండి మీద కాదు, నా మీద. అందుకే పరీక్ష నేనే పెట్టాను: వరుసగా ఇరవై సార్లు పైకి గేరు మార్చాలి. ఒక్కటి తప్పితే మళ్లీ ఒకటి నుంచి.

"ఇరవై ఎందుకు? పది చాలదా?"

"పది అదృష్టం కొద్దీ పడొచ్చు బావా."

లెక్కపెట్టే పని ఆ అమ్మాయి తీసుకుంది. నేను వేగం ముప్పైకి మించనివ్వలేదు. మొదటిసారి నాలుగో మార్పుకే కాలు పాతదారి పట్టింది. బండి ఒక్క కుదుపు కుదిపింది. రెండోసారి పదకొండు దాకా బాగానే వచ్చి, పన్నెండోది కిందికి నొక్కేశాను. అంకుల్ "అయ్యో" అన్నారు.

ఇంజన్ ఆపి, బండి మీదే కూర్చుని లీవర్‌ని పావుగంట సేపు ఎత్తుతూ ఉన్నాను. ఎత్తిన ప్రతిసారీ "పైకి" అని గట్టిగా అన్నాను. సిగ్గుపడటానికి తీరిక లేదు. తర్వాత మళ్లీ స్టార్ట్ చేశాను. ఈసారి పదిహేను దాటాక ఆ అమ్మాయి గొంతు పెరిగింది. ఇరవై అనగానే బావ ఫోన్ తీశాడు.

"ఆ, చూసిన. సగమే తిరుగుతది. వచ్చే శనివారం తెస్తున్నం," అని అక్కతో చెప్పాడు. "గరాజ్‌ల ఆ పాత సోఫా జరుపు."

ఆ మధ్యాహ్నం పరీక్షలో మార్చిన గేర్లు ముప్పై ఆరు. తప్పులు రెండు.