కమలాపురంలో గెలిచిన సైకిలు

ఈత, సైకిలు, పరుగు కలిపిన దూరపు పందెం ఒకటి కడప జిల్లాలో పెడుతున్నారని తెలిసి, కర్నూలు నుంచి మేం ముగ్గురం జట్టు కట్టాం. మూడూ ఒక్కడే చేసే మొనగాళ్లు వేరే ఉంటారు. జట్టుగా వెళితే తలా ఒకటి పంచుకోవచ్చు. ఈత మా వీధి కరీముది, సైకిలు బట్టల కొట్టు విశ్వనాథానిది, పరుగు నాది. నాకప్పుడు నలభై ఆరేళ్లు. నా కుడి మోకాలు చూసిన డాక్టరు, ఈ ఏడు దాటాక పరుగు మాట ఎత్తవద్దన్నాడు. కాబట్టి ఆ పందెం మీద నాకున్న ఆశ మిగతా ఇద్దరికీ లేదు.

శనివారం ఉదయం ఆరున్నరకు జమ్మలమడుగు బస్సెక్కాం. విశ్వనాథం తన విదేశీ సైకిలుకు దుప్పటి చుట్టి, పైన నిమ్మకాయలు కట్టి, టాపు మీదికి ఎక్కించేసరికి బస్సు పావుగంట ఆలస్యమైంది.

"ఏమప్పా, పెండ్లికూతుర్ని తోలకపోతాండావా?" అంటూ కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాడు.

దారి పొడుగునా విశ్వనాథం తన చేతి గడియారం చూపిస్తూనే ఉన్నాడు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో అది చెబుతుందట. గుండె సంగతి సరే, బుర్ర సంగతి చెప్పే గడియారం ఇంకా రాలేదు కాబోలు. కోవెలకుంట్లలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఆ దారిన వెళ్లేవాళ్లు అది మాత్రం వదలకండి. జమ్మలమడుగులో మాకు దొరికిన లాడ్జిలో నీళ్లు పుష్కలం, నిద్ర పూజ్యం. దోమతెర వెంట తీసుకెళ్లండి.

ఆ సాయంత్రం విశ్వనాథాన్ని కూర్చోబెట్టి మళ్లీ పాఠం చెప్పాను. ఈత ముగిసే జలాశయం నుంచి ఎర్రగుంట్ల, కమలాపురం, కడప దాకా దాదాపు చదును. గువ్వలచెరువు ఘాటు రోడ్డు చిట్టచివర్లో వస్తుంది. చదునులో కాళ్లు దాచుకున్నవాడే కొండెక్కుతాడు. నేను కరీముతో పాటు బాడుగ జీపులో పక్కనే వస్తూ ఏదో ఒకటి అడుగుతుంటాను. ఊపిరి తెగకుండా పూర్తి వాక్యంలో జవాబు చెప్పగలిగితే అదే సరైన వేగం. మాట తెగిందంటే తగ్గించాలి.

"అట్లే కానీ అన్నా, నేనేమన్నా సిన్నపిల్లోన్నా?" అన్నాడు.

ఆదివారం తెల్లవారగానే కరీము నీళ్లలో దిగి, అందరికంటే ముందొచ్చిన నలుగురిలో ఒకడిగా ఒడ్డెక్కాడు. విశ్వనాథం కూడా బుద్ధిగానే మొదలుపెట్టాడు. ఎర్రగుంట్ల దగ్గర బెంగుళూరు కుర్రాళ్లు ఇద్దరు దాటిపోయినా తొణకలేదు. జీపులోంచి తల బయటపెట్టి, రాత్రి ఏం తిన్నావని అడిగాను.

"జొన్నరొట్టె, ఊరిబిండి తిన్న్యానన్నా, రొట్టె శానా గట్టిగా ఉన్నింది."

ఎంత అందమైన వాక్యం! పరుగు మొదలెట్టేసినంత సంతోషపడ్డాను. ఇల్లలకగానే పండగ కాదని అప్పుడు తోచలేదు.

కమలాపురం విశ్వనాథానికి అత్తగారి ఊరు. ఆ ఊరు ఇంకా కనిపించకముందే మనిషి సీటు మీంచి లేచి తొక్కడం మొదలుపెట్టాడు. బెంగుళూరు కుర్రాళ్లను దాటాడు. వాళ్లకు ముందున్న ఒక మిలిటరీ ఆయన్నీ దాటాడు. ఆయన నవ్వి పక్కకు జరిగాడు. ఏమైందని నేను అరిచాను.

"మామ... అంగడి..." అన్నాడు. వాక్యం అంతవరకే.

మామగారి కిరాణా అంగడి రోడ్డు మీదే ఉంది. దాని ముందు తప్పెట్లు, హారతి పళ్లెం, సగం ఊరు. అల్లుడు ఇంకొకడి వెనకాల వస్తే ఇంటి పరువేం కావాలి! అందరికంటే ముందొచ్చి బ్రేకు వేశాడు. మెడలో పూలదండ పడింది. బల్ల మీద నేతిలో మునిగిన ఓళిగలు ఎదురుచూస్తున్నాయి. నేను జీపు దిగి పరిగెత్తుకెళ్లి, ఎక్కి పొమ్మన్నాను.

మామగారు నన్ను ఎగాదిగా చూశాడు. "వాకిట్లోకొచ్చిన అల్లుడు నోరు తీపి చేసుకోకుండా పోతాడా? మీ కర్నూల్లో ఇట్లే పంపిస్తారా అప్పా?"

అల్లుడు నాకేసి చూడకుండా కుర్చీలో కూర్చున్నాడు. నాలుగు తిన్నాడు. అత్తగారు ఐదోది వేసింది, అదీ తిన్నాడు. బెంగుళూరు కుర్రాళ్లు దాటిపోతూ తప్పెట్లకు చేతులూపారు. నేను చెప్పిందంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఘాటు మొదటి మలుపులో ఓళిగలు బయటికి వచ్చాయి. రెండో మలుపులో పిక్కలు పట్టేశాయి. సైకిలు దిగి తోసుకుంటూ నడిచాడు. పెద్దమనిషి ఖరీదైన సైకిలు కొన్నది నడిపించుకెళ్లడానికని అప్పుడు తెలిసింది. అతన్ని కరీముకు అప్పగించి నేను జీపులో పైకి వెళ్లాను.

గువ్వలచెరువులో పరుగు మొదలయ్యే చోట చొక్కాకు అంకె గుచ్చుకుని నిలబడ్డాను. ఎండ దృష్ట్యా మధ్యాహ్నం పన్నెండు తర్వాత ఎవర్నీ పరుగుకు వదలరు. ఒక్కొక్క సైకిలూ వస్తోంది, ఒక్కొక్కడూ పరిగెడుతున్నాడు. పన్నెండయింది. హైదరాబాదు నుంచి వచ్చిన నిర్వాహకుడు తాడు అడ్డం కట్టి, "సారీ సర్, మీ మంచికే," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పాలకోవా కొట్ల మధ్య ఈ వయసులో ఏడిస్తే బాగుండదని అటు తిరిగి నిలబడ్డాను.

ఒంటిగంటకు విశ్వనాథం వచ్చాడు. మెడలో దండ అలాగే ఉంది.

"ఏమన్నా గానీ అన్నా, కమలాపురంలో ఫస్టు మనమే గదా!" అన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు కడపలో కర్నూలు బస్సు ఎక్కాం. కరీము దర్గా చూసుకుని మర్నాడు వస్తానని ఆగిపోయాడు. ఆ పందానికి వెళ్లదలచినవాళ్లు నిక్షేపంగా వెళ్లండి. రోడ్డు మంచిది, కొండ అందమైనది, కోవా కమ్మనిది. సైకిలు తొక్కేవాడికి మాత్రం దారిలో అత్తగారిల్లు లేకుండా చూసుకోండి. బస్సులో ఒక్క సీటే ఖాళీ ఉంటే విశ్వనాథం కూలబడి, కాళ్లు చాపి, మైదుకూరు రాకముందే గురక తీశాడు.

దువ్వూరు రైతు ఒకాయన నా చొక్కా మీది అంకె చూసి లేచాడు. "కొండ మీద పరుగుపందెమంట గదా, నువ్వేనా? కూర్చో అప్పా, కాళ్లు నొస్తాంటాయి."

"నొప్పి లేదు, మీరు కూర్చోండి," అన్నాను.

ఆయన పక్కవాడి భుజం తట్టి నా వైపు చూపించాడు. "సూడు, కొండంతా పరిగెత్తొచ్చి గూడా ఎట్ల నిలబడుకోనుండాడో! కాళ్లంటే అవీ!"

బస్సులో నలుగురూ తిరిగి నా కాళ్లను చూశారు. నంద్యాల దాకా నిలబడే వచ్చాను. మోకాలు ఒక్కసారైనా నొప్పి పెట్టలేదు.