ఇద్దరం తిన్నాం, ఒక్కరికే వచ్చింది

మా ఆయన నీళ్ళు చూసి తాగే మనిషి. తొంభైల చివర్లో పెళ్ళయి నేను బెంగళూరు వచ్చేనాటికి, తెర్లి తెర్లి కాగిన నీళ్ళు తప్ప ఆయన గొంతు దిగేవి కావు. ఎలక్ట్రానిక్ సిటీలో ఆఫీసుకి బస్సెక్కినా చంకలో ఇంటి సీసా ఉండాల్సిందే. నేను గుంటూరు వైపు పిల్లని. బడిలో పాఠాలు చెప్పి గొంతెండితే ఏ కుళాయి దగ్గరైనా దోసిలి పట్టేదాన్ని. శనివారం సాయంత్రం బళేపేటలో పానీపూరీ మాత్రం మా ఉమ్మడి పాపం. ఆయనకి ఒక ప్లేటు, నాకు రెండు. "ఈ నీళ్ళు కాచినవేనా అండీ?" అని ఏడిపిస్తూ ఆయన వదిలేసిన పుల్లనీళ్ళు కూడా నేనే తాగేసేదాన్ని.

అలాంటిది, జబ్బు ఆయనకొచ్చింది. కుడి పక్కటెముకల కింద నొప్పి అన్నాడు. బూజు దులపమన్నందుకు పుట్టుకొచ్చిన నొప్పేమోనని నవ్వాను. వారం తిరిగేసరికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆస్పత్రిలో స్కానింగ్ తీసి, లివర్‌లో చీముగడ్డ ఉంది, సూదితో లాగాలన్నారు.

"మందు అలవాటుందా?" అని అడిగాడు డాక్టరు.

మా అత్తగారికి ఒళ్ళు మండింది. వాళ్ళు తరతరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. "మావాడు కాఫీ తప్ప ఇంగేమీ తాగడప్పా! ఇంట్లో నా కోడలు వండింది తింటాడు. ఆ యమ్మి చెయ్యి శానా శుభ్రం. ఇదంతా ఆ బీదిలో బండివాడు చేసిండేది!"

శుభ్రంగా వండుతానన్నది ఆ ఇంట్లో రెండేళ్ళకి నేను సంపాదించుకున్న ఒకే ఒక్క మంచిపేరు. మిగతా వాటన్నింట్లో నావి పాస్ మార్కులే.

"ఆయనకంటే నేనే ఎక్కువ తిన్నానండీ" అన్నాను నేను.

డాక్టరు నవ్వాడు. "ఈ గడ్డ తెచ్చే అమీబా క్రిమి ఆడా మగా చూసి పేగుల్లోకి రాదమ్మా. లివర్ దాకా వెళ్ళి ఇంత గొడవ చేసేది మాత్రం ఎక్కువగా మగవాళ్ళలోనే. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. మీలో ఉన్నా మీకు తెలియకపోవచ్చు. ఇంట్లో అందరూ టెస్టు చేయించుకోండి."

ఇన్నాళ్ళకి ఆడపుట్టుకకి ఒక లాభం కనిపించిందని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

రెండు రోజులకి, బడి నుంచి వస్తూ రిపోర్టులు నేనే తెచ్చుకున్నాను. అత్తగారికి ఏమీ లేదు. నాకు ఉంది. డాక్టరు నాకూ మాత్రలు రాసి, ఇది చేతుల ద్వారా, తిండి ద్వారా పాకుతుందన్నాడు. నా నుంచి ఆయనకి వచ్చిందా, బయట ఇద్దరికీ అంటుకుందా అంటే, చెప్పలేమన్నాడు.

ఆ కాగితం ఇంట్లో ఇంకెవరూ చూడలేదు. మాత్రలు మింగి ఊరుకుంటే సరిపోయేది. నింద ఎలాగూ బండివాడి మీద పడిపోయింది. నిజం చెప్పొద్దూ, మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేశాను. తీరా వార్డులోకి వెళ్తే, అత్తగారు పక్క మంచం వాళ్ళకి నా వంట గురించే చెప్తున్నారు. ఇక నావల్ల కాలేదు. కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నాలోనూ ఉందట. నా చేతివంట వల్లే మీకు వచ్చిందేమో" అని గబగబా చెప్పేశాను.

ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన శుభ్రం పిచ్చి తెలిసినదాన్ని కాబట్టి, తిట్లకి సిద్ధపడే నిలబడ్డాను.

"నీకు యాడన్నా నొస్తా ఉండాదా?" అన్నాడు.

లేదని తలూపాను. సూది గుచ్చిన పక్క కదలకుండా పడుకున్న ఆ మనిషి ముందు, ఏ నొప్పీ లేకుండా నిలబడి, బావురుమని ఏడ్చాను.